సోషల్ మీడియాలో సైన్సు చర్చ: మాట పాకుతుంది, 'ఎంత ఖాయం' అన్నది పాకదు

2023 జూలై 22న దక్షిణ కొరియా పరిశోధకులు కొందరు, ఇతర శాస్త్రవేత్తల పరిశీలనకు ముందే పేపర్లు పెట్టుకునే ఆర్కైవ్ అనే ప్రీప్రింట్ సైట్‌లో రెండు పేపర్లు పెట్టారు. సీసం, రాగి, ఫాస్ఫరస్, ఆక్సిజన్ కలిసిన ఒక నల్లటి పదార్థం మామూలు గది ఉష్ణోగ్రతలో, మామూలు గాలి పీడనంలోనే సూపర్‌కండక్టర్‌గా పనిచేస్తోందన్నది వాటి సారాంశం. ఆ పదార్థానికి ఎల్‌కే-99 అని పేరు పెట్టారు. సూపర్‌కండక్టర్ అంటే కరెంటుకు ఏమాత్రం అడ్డుపడని పదార్థం. 1911లో మొదటిది బయటపడిన దగ్గర్నుంచి తెలిసినవన్నీ గడ్డకట్టించే చలిలోనో, భరించలేని పీడనంలోనో తప్ప పనిచేయవు. కాబట్టి ఈ మాట నిజమైతే వందేళ్ళ కల తీరినట్టే. సూపర్‌కండక్టర్‌కు అయస్కాంతం మీద గాలిలో తేలే గుణం కూడా ఉంటుంది. వారం తిరిగేసరికి, అయస్కాంతం మీద ఒక అంచు ఆనించి రెండో అంచు గాలిలోకి లేపుకుని నిలబడ్డ చిన్న రాతిముక్క వీడియో లక్షల ఫోన్లలో తిరిగింది.

ఆ మూడు నాలుగు వారాలూ ఒకే హ్యాష్‌ట్యాగ్ కింద రెండు వేర్వేరు చర్చలు నడిచాయి. ఒకదాంట్లో ప్రపంచం మారిపోయింది. కరెంటు నష్టాలు లేని తీగలు, గాల్లో తేలే రైళ్ళు వచ్చేశాయి. సూపర్‌కండక్టర్ల ఊసు ఉన్న కొరియా కంపెనీల షేర్లు ఎగిరాయి, ఏ దేశం ముందుంటుందన్న లెక్కలు సాగాయి. రెండో చర్చలో ఉన్నవాళ్ళు మాత్రం పేపర్‌లోని తయారీ పద్ధతి తెరిచి కూర్చున్నారు. గంధకం కలిసిన సీసపు సమ్మేళనాన్ని 725 డిగ్రీల దగ్గర కాల్చాలి, రాగిని ఫాస్ఫరస్‌తో కలిపి విడిగా కాల్చాలి, రెంటినీ నూరి, గాలి లేని గొట్టంలో మూసి 925 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచాలి. పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. దాంతో చైనా, అమెరికా, భారత్, యూరప్ ల్యాబులు కొలుముల ముందు చేరాయి. అమెరికాలో ఒక ఇంజినీరైతే తన ప్రయత్నాన్నంతా లైవ్‌లో చూపించాడు.

చిక్కుముడి విప్పింది ఈ రెండో చర్చే. కొరియా బృందం గ్రాఫులో 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర పదార్థపు నిరోధం, అంటే కరెంటుకు అడ్డుపడే గుణం, ఒక్కసారి పడిపోయినట్టు ఉంది. సూపర్‌కండక్టర్ అనడానికి వాళ్ళు చూపించిన ఆధారాల్లో అదొకటి. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త ప్రశాంత్ జైన్ ఆ అంకెను చూడగానే గుర్తుపట్టారు. కాపర్ సల్ఫైడ్ అనే మామూలు పదార్థం తన స్ఫటిక రూపం మార్చుకునే ఉష్ణోగ్రత అదే, అప్పుడు దాని నిరోధమూ ఒక్కసారి మారిపోతుంది. తయారీ సమీకరణం రాసి చూస్తే ఎల్‌కే-99తో పాటు రాగి, గంధకం కూడా మిగులుతాయి, అంటే కాపర్ సల్ఫైడ్ మలినంగా పుట్టక తప్పదు. తర్వాత జర్మనీలో స్టుట్‌గార్ట్ మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మలినం లేని స్ఫటికాలు పెంచారు. అవి నల్లగా కాదు, ఊదారంగులో పారదర్శకంగా ఉన్నాయి. వాటి నిరోధం లక్షల ఓమ్‌లలో ఉంది, అంటే కరెంటును దాదాపు పోనివ్వని పదార్థం. ఆగస్టు మూడో వారానికి వ్యవహారం తేలిపోయింది.

సోషల్ మీడియాలో సైన్సు చర్చ బాగుందా, లేదా అని అడిగినప్పుడల్లా రెండు సిద్ధమైన జవాబులు వినిపిస్తాయి. అంతా చెత్త, శాస్త్రవేత్తలు అటు తొంగి చూడకపోవడమే మేలు అనేది ఒకటి. జ్ఞానం అందరికీ చేరువైంది, ఇంతకంటే ఏం కావాలి అనేది రెండోది. ఎల్‌కే-99 ఉదంతం రెంటికీ సరిపడదు. అవే ఖాతాలు, అదే యాప్, అవే రోజులు. అయినా ఒక చర్చ చెడింది, ఒకటి పనిచేసింది. తేడా మనుషుల తెలివితేటల్లో వెతికితే దొరకదు. బల్ల మీద ఏం పెట్టుకుని మాట్లాడుతున్నారన్న దగ్గర దొరుకుతుంది. ఒకరు వీడియో పెట్టుకుని మాట్లాడారు, ఇంకొకరు గ్రాఫు పెట్టుకుని మాట్లాడారు. వీడియో చూసి చేయగలిగిందల్లా నమ్మడమో, నమ్మకపోవడమో. గ్రాఫు ఉంటే 104 డిగ్రీల దగ్గర ఏం జరిగిందని అడగొచ్చు.

ఇంకో తేడా ఉంది, అసలైనది అదే. ఏ శాస్త్రీయ ఫలితమైనా ఒంటరిగా రాదు. ఎంతమంది మీద చేశారు, ఏ పరిస్థితుల్లో చేశారు, ఎంత పొరపాటుకు అవకాశం ఉంది, మరెవరైనా చేసి చూశారా అనే షరతులన్నిటితో కలిసి వస్తుంది. ఆ షరతులే దాని విలువ. సోషల్ మీడియాలో ఆ ఫలితం చేతులు మారుతున్న కొద్దీ షరతులు ఒక్కొక్కటే ఊడిపోతాయి, వాక్యం మాత్రం మిగులుతుంది. 'కొన్ని ఎలుకల్లో కొంత తగ్గినట్టు కనిపించింది' అన్నది మూడో షేర్‌కల్లా 'తగ్గిస్తుంది' అవుతుంది. పచ్చి అబద్ధాలు కూడా తిరుగుతాయి, కాదనడానికి లేదు. కానీ సైన్సు విషయంలో అబద్ధాల కంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ షరతులు ఊడిన నిజాలే. అబద్ధమైతే ఫ్యాక్ట్‌చెక్ చేసేవాళ్ళకు దొరుకుతుంది. ఇవి దొరకవు, ఎందుకంటే పేపర్ నిజంగానే ఉంటుంది, లింకూ పనిచేస్తుంది.

అయితే ఈ ఊడిపోవడం సోషల్ మీడియాలోనే మొదలవుతుందనుకుంటే పొరపాటు. బ్రిటన్‌లోని 20 ప్రముఖ విశ్వవిద్యాలయాలు విడుదల చేసిన 462 పత్రికా ప్రకటనలను అసలు పేపర్లతో పోల్చి చూసిన అధ్యయనం ఒకటి 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 40 శాతం ప్రకటనల్లో పేపర్‌లో ఉన్నదాన్ని మించిన ఆరోగ్య సలహా ఉంది. 33 శాతంలో రెండు విషయాల మధ్య సంబంధం మాత్రమే కనిపించిన చోట ఒకటి రెండోదానికి కారణమని రాశారు. జంతువుల మీద చేసిన పరిశోధనల్లో 36 శాతాన్ని మనుషులకు అతికించారు. ప్రకటన ఎక్కడ అతి చేసిందో వార్త కూడా ఎక్కువగా అక్కడే అతి చేసింది. అంటే జనం చేతికి రాకముందే, విశ్వవిద్యాలయం గడప దాటేలోపే సగం షరతులు రాలిపోతున్నాయి. విలేఖరినో, వాట్సాప్ గ్రూపునో తిట్టిపోసే ముందు ఈ అంకెలు గుర్తుంచుకోవాలి.

2019లో జేమ్స్ హెదర్స్ అనే పరిశోధకుడు ట్విట్టర్‌లో (ఇప్పటి ఎక్స్) ఒక ఖాతా తెరిచాడు. దాని పని ఒక్కటే. ఆరోగ్య వార్తల శీర్షికలను మళ్ళీ షేర్ చేస్తూ 'ఎలుకల్లో' అన్న ఒక్క మాట తగిలించడం. జబ్బు నయమైంది, ఎలుకల్లో. మతిమరుపు తగ్గింది, ఎలుకల్లో. నవ్వు తెప్పించే పనే కానీ, దాన్ని మించిన సైన్సు విమర్శ ఆ వేదిక మీద తక్కువే. ఊడిపోయిన ఒక్క షరతును తిరిగి అతికిస్తే శీర్షిక తన అసలు సైజుకు వచ్చేస్తుంది.

షేర్ చేసేవాళ్ళు ఆ షరతుల కోసం వెతుకుతారా అంటే, మొదట లింకు తెరవాలిగా. కొలంబియా విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్‌లోని ఇన్రియా సంస్థ పరిశోధకులు 2016లో చూసిన ప్రకారం ట్విట్టర్‌లో షేర్ అయిన వార్తా లింకుల్లో 59 శాతాన్ని ఎవరూ ఒక్కసారి కూడా క్లిక్ చేయలేదు. అంటే చాలావరకు శీర్షికే చర్చకు వస్తోంది, శీర్షికే ఇంకొకరికి అందుతోంది.

ఇక వేగం సంగతి. 2018లో సైన్స్ పత్రికలో ఎంఐటీ పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో సుమారు 30 లక్షల మంది పంచుకున్న సుమారు 1,26,000 కథనాల వ్యాప్తిని అందులో లెక్కగట్టారు. అబద్ధం రీట్వీట్ అయ్యే అవకాశం నిజం కంటే 70 శాతం ఎక్కువ. 1,500 మందికి చేరడానికి నిజానికి అబద్ధం కంటే ఆరింతల సమయం పట్టింది. దీనికి బాట్‌లే (మనుషుల్లా పోస్టులు పెట్టే ప్రోగ్రాములే) కారణమని చెప్పి తప్పించుకోవడానికీ లేదు, అవి నిజాన్నీ అబద్ధాన్నీ ఇంచుమించు ఒకే తీరుగా పంచాయి. తేడా తెచ్చింది మనుషులే. అబద్ధాలు ఎక్కువ కొత్తగా అనిపించాయన్నది పరిశోధకుల వివరణ. ఈ అధ్యయనానికే దాని షరతులు ఊడగొట్టి 'నిజం కంటే అబద్ధం ఆరు రెట్లు వేగం' అని తిప్పడం మామూలైపోయింది. అది లెక్కగట్టింది ఫ్యాక్ట్‌చెక్ సంస్థలు అప్పటికే తేల్చిన కథనాలను, అందులోనూ రాజకీయాలవి చాలా ఎక్కువ. సైన్సుకు అది ఎంతవరకు వర్తిస్తుందో ఆ అంకె ఒక్కటే చెప్పదు. కొత్తదనం గురించిన మాట మాత్రం సైన్సుకు బాగానే అతుకుతుంది. ఇరవయ్యోసారి కూడా అదే ఫలితం వచ్చిందనే వార్త నమ్మదగ్గది, దాన్నెవరూ షేర్ చేయరు. ఇంతవరకు అనుకున్నదంతా తప్పని చెప్పే మొదటి ప్రయోగం బాగా పాకుతుంది. అలాంటివాటిలో ఎక్కువ భాగం తర్వాత నిలబడవు.

షరతులు ఊడితే ఏమవుతుందో దగ్గరగా చూడాలంటే 2015 అక్టోబరు మంచి ఉదాహరణ. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం ప్రాసెస్ చేసిన మాంసాన్ని మొదటి గ్రూపులో చేర్చింది. పొగాకు ఉన్నదీ అదే గ్రూపు. ఇంకేముంది, అది తినడం సిగరెట్ తాగడంతో సమానమన్న బొమ్మలు గంటల్లో అంతటా నిండాయి. ఆ గ్రూపులు చెప్పేది వేరు. ఫలానా పదార్థం క్యాన్సర్ తెస్తుందనడానికి ఆధారాలు ఎంత గట్టిగా ఉన్నాయన్నదే గ్రూపు చెబుతుంది. ఎంత ప్రమాదం అన్నది చెప్పదు. రెండూ వేరు ప్రశ్నలు. 'తెస్తుందా' అన్నదానికి జవాబు గట్టిగా ఔనని ఉండొచ్చు, 'ఎంత' అన్నదానికి జవాబు చిన్నదే కావొచ్చు. ఆ సంస్థే చూపించిన అంచనాల్లో ప్రాసెస్ చేసిన మాంసం ఎక్కువగా తినడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 34,000 క్యాన్సర్ మరణాలు, పొగాకు వల్ల సుమారు 10 లక్షలు.

అదే వార్తలో మరో అంకె కూడా తిరిగింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని. చూడగానే నూటికి పద్దెనిమిది మందికి వస్తుందన్నట్టు ఉంటుంది, చాలామంది అలాగే చదివారు. జీవితకాలంలో 100 మందిలో 5 మందికి ఆ జబ్బు వస్తుందనుకుందాం. 18 శాతం పెరగడమంటే ఆ 5 కాస్తా 5.9 కావడం. అంటే ఇంచుమించు మరో మనిషి. కోట్ల జనాభాకు విధానాలు రాసేవాళ్ళకు అది పెద్ద సంగతే, ఒక మనిషి టెన్షన్ పడేంత సంగతి కాదు. 'దేనిమీద 18 శాతం' అని అడిగే ఒక్క కామెంటు ఆ రోజు ఎన్ని వందల పోస్టులకైనా సరితూగుతుంది. అలాంటి కామెంట్లు వచ్చాయి కూడా. లైకుల వరసలో అవి ఎక్కడో అడుగున ఉండిపోయాయంతే.

దీనికి అందరూ చెప్పే మందు నిపుణుల మాట, అధికారిక సంస్థల మాట మాత్రమే వినమని. చాలాసార్లు అది మంచి సలహానే. కానీ షరతులు ఊడగొట్టే అలవాటు అధికారిక సంస్థలకూ ఉంది. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్విట్టర్ ఖాతాలో 'వాస్తవం' అని పెద్ద అక్షరాలతో మొదలుపెట్టి, కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని పోస్టు పెట్టింది. తుమ్మినా దగ్గినా వచ్చే బరువైన తుంపరలు త్వరగా నేలరాలతాయి కాబట్టి గాలిలో తేలవన్నది అందులోని తర్కం. అప్పటికి తెలిసింది తక్కువ. 'ఇప్పటిదాకా ఉన్న ఆధారాల్లో కనిపించలేదు' అని ఉంటే అది శాస్త్రీయమైన మాట అయ్యేది. ఫ్యాక్ట్‌చెక్ రూపంలో వచ్చేసరికి మారడానికి వీల్లేని మాట అయింది.

గాలిలోని సూక్ష్మ కణాల మీద పనిచేసేవాళ్ళు ఆ పోస్టును ఒప్పుకోలేదు. వాళ్ళ వాదనలో చాలా భాగం బహిరంగంగా, అదే వేదిక మీద సాగింది. వైద్య పుస్తకాల్లో 5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఒక గీత. అంతకంటే పెద్ద బిందువు నేలరాలుతుంది, చిన్నదైతే తేలుతుంది. భౌతికశాస్త్రం అలా చెప్పదు. 5 మైక్రాన్ల నీటి బిందువు నిశ్చలమైన గాలిలో సెకనుకు ముప్పావు మిల్లీమీటరు చొప్పున దిగుతుంది. ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న నోటి నుంచి నేలకు చేరాలంటే అరగంట పైనే పడుతుంది. ఇది ఇంటర్ పిల్లలు కూడా చేయగల లెక్క. మరి ఆ గీత ఎక్కడి నుంచి వచ్చింది? వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయానికి చెందిన లిన్సే మార్, ఆమె సహచరులు పాత పుస్తకాలు తవ్వి చూశారు. ఊపిరితిత్తుల లోతుకు చేరి క్షయ తెప్పించే కణాల సైజు గురించిన అంకె, గాలిలో తేలే కణాల సైజు గురించిన అంకెతో ఎప్పుడో కలిసిపోయిందని వాళ్ళు తేల్చారు. 2020 జూలైలో గాలి ద్వారా వ్యాప్తిని గుర్తించాలంటూ 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సమాచారాన్ని మార్చుకుంది, గాలి ద్వారా సోకుతుందని స్పష్టంగా రాసింది.

కాబట్టి 'ఇది అధికారిక సమాచారం, చర్చ వద్దు' అన్న ముద్ర చర్చ నాణ్యతకు కొలత కాలేదు. దానికి విరుద్ధంగా 'అధికారిక సంస్థ ఒకసారి తప్పింది, కాబట్టి మా మాటే నిజం' అన్నది కూడా కాలేదు. ఆ ఉదంతాన్ని పట్టుకుని ఏ ఆధారం లేని సొంత సిద్ధాంతాలు నడిపించుకున్నవాళ్ళు కోకొల్లలు. సూక్ష్మ కణాల శాస్త్రవేత్తలు గెలిచింది ఎదురు తిరిగినందుకు కాదు. ఎవరైనా తనిఖీ చేసుకోగల లెక్క ముందు పెట్టినందుకు.

తప్పు దిద్దుకోవడంలో వేగం విషయానికొస్తే సోషల్ మీడియాకు సాటి లేదు, దాని ఘనత దానికి ఇవ్వాలి. 2020 జనవరి 31న ఢిల్లీ పరిశోధకుల ప్రీప్రింట్ ఒకటి బయోఆర్కైవ్ సైట్‌లోకి వచ్చింది. కొత్త కరోనావైరస్ మీది స్పైక్ ప్రోటీన్‌లో హెచ్ఐవీని పోలిన నాలుగు ముక్కలు ఉన్నాయని, అది యాదృచ్ఛికం కాకపోవచ్చని దాని మాట. గంటల్లోనే జన్యుశాస్త్రవేత్తలు ఆ ముక్కలను తీసుకుని డేటాబేస్‌లో వెతికారు. అంత పొట్టి ముక్కలు ఎన్నో జీవుల్లో, ఎన్నో వైరస్‌లలో దొరుకుతున్నాయని చూపించారు. ఫిబ్రవరి 2కల్లా రచయితలు దాన్ని వెనక్కి తీసుకున్నారు. మామూలు జర్నల్ పద్ధతిలో ఇదే పనికి నెలలు పట్టేది. ప్రీప్రింట్ పోయింది గానీ, దాని స్క్రీన్‌షాట్ పోలేదు. వైరస్‌ను ల్యాబులో తయారుచేశారనే పోస్టుల్లో అది నెలల తరబడి సాక్ష్యంగా తిరిగింది. దిద్దుబాటు ఎంత వేగంగా వచ్చినా, తప్పు వెళ్ళిన దారినే వెళ్ళి అవే చేతులకు చేరే ఏర్పాటు ఏ వేదికలోనూ లేదు. పోస్టు చెరిపేస్తే కాపీలు మిగులుతాయి. సవరణ పెడితే దాన్ని చూసేది వేరేవాళ్ళు. ఎక్స్‌లో పోస్టు కింద వాడుకరులే వివరణ చేర్చే కమ్యూనిటీ నోట్స్ కాస్త నయం, మామూలుగా ఏకీభవించని రెండు వర్గాలవాళ్ళు ఒప్పుకుంటేనే నోటు కనిపిస్తుంది. అంతా ఒప్పుకునేసరికి పోస్టు తిరగాల్సినంత తిరిగేసి ఉంటుందన్నది దాని ఇబ్బంది.

కామెంట్ల వేడి గురించి ఒక ప్రయోగం చెప్పుకోవాలి. అమెరికాలో 1,183 మందికి నానోసిల్వర్ అనే పదార్థం లాభనష్టాల మీద ఒకే వ్యాసం చదవడానికి ఇచ్చారు. తేడా కింది కామెంట్లలోనే. కొందరికి మర్యాదగా వాదించుకున్నవి, కొందరికి తిట్లు కలిసినవి. తిట్లు చదివినవాళ్ళు ముందే ఏ పక్షానికి మొగ్గి ఉన్నారో ఆ పక్షానికే ఇంకా జరిగారు. వ్యాసంలో ఒక్క అక్షరం మారలేదు. 2013లో వచ్చిన ఈ ఫలితాన్ని చూపించి పాపులర్ సైన్స్ పత్రిక ఆ ఏడే తన సైట్‌లో కామెంట్లు మూసేసింది. అది తొందరపాటని చెప్పక తప్పదు. కామెంట్లు మూస్తే జనం మాట్లాడటం ఆపరు, వేరే చోటికి వెళ్ళి మాట్లాడతారు, అక్కడ వ్యాసం కూడా ఎదురుగా ఉండదు.

మూసేయకుండా కట్టుదిట్టం చేసిన చోట్లు బాగానే నడిచాయి. రెడిట్ అనే చర్చా వేదికలోని సైన్సు విభాగంలో సభ్యులు కోట్లలో ఉన్నారు. పోస్టు పెట్టాలంటే ఆరు నెలల లోపు అచ్చయిన, పీర్ రివ్యూ (సాటి శాస్త్రవేత్తల పరిశీలన) జరిగిన పరిశోధన ఉండాలి. శీర్షిక అతి చేస్తే తీసేస్తారు. జోకులు, 'మా మామయ్యకు అలాగే తగ్గింది' తరహా సొంత అనుభవాలు కూడా తీసేస్తారు. తెరిచి చూస్తే వరసగా 'తొలగించబడింది' అనే కనిపించడం అక్కడ మామూలు. దానికి విసుక్కునేవాళ్ళు ఉంటారు, కానీ మిగిలిన కామెంట్లలో పేపర్ పద్ధతుల మీద నిజమైన ప్రశ్నలు కనిపిస్తాయి. దీని వెనక వందలాది వాలంటీర్లు జీతం లేకుండా చేసే చాకిరీ ఉంది. నాణ్యత కోరేవాళ్ళు సాధారణంగా ఈ ఖర్చు సంగతి ఎత్తరు.

ఇంకా చిన్న, ఇంకా మంచి ఉదాహరణ గణితంలో ఉంది. 2009 జనవరి ఆఖరున బ్రిటన్ గణితవేత్త టిమ్ గోవర్స్ తన బ్లాగులో, ఒక కఠినమైన గణిత సమస్యను అందరం కలిసి బహిరంగంగా సాధించగలమా అని అడిగారు. నియమం ఏమిటంటే ఆలోచన పూర్తయ్యాక కాదు, సగంలో ఉన్నప్పుడే రాయాలి. తప్పైనా ఫర్వాలేదు. 37 రోజుల్లో 27 మంది సుమారు 800 కామెంట్లు రాశారు, ఆ తర్వాత సమస్య దాదాపు తేలిపోయిందని గోవర్స్ ప్రకటించారు. మరుసటి ఏడాది ఆగస్టులో వినయ్ దేవళాలికర్ అనే పరిశోధకుడు కంప్యూటర్ శాస్త్రంలో అతి పెద్ద చిక్కుప్రశ్న అయిన పీ, ఎన్‌పీ సమస్యను సాధించానని వంద పేజీల పైబడిన రాతప్రతి పంపినప్పుడు కూడా, బ్లాగులూ వికీల మీద నిపుణులు పేజీ పేజీ చదివి వారం పది రోజుల్లో లోపాలు ఎక్కడున్నాయో చెప్పేశారు. ఎక్కడా ఎగతాళి లేదనలేం గానీ, ఎగతాళి చేసినవాళ్ళు కూడా ఫలానా చోట ఫలానా మెట్టు నిలబడదని చూపించాల్సి వచ్చింది.

గణితానికి ఒక సౌకర్యం ఉంది, నిజమే. రుజువు మొత్తం తెర మీదే ఉంటుంది, కొలిమీ ఎలుకలూ అక్కర్లేదు. పోషకాహారం, వ్యాక్సిన్లు, వాతావరణ మార్పు లాంటి విషయాల్లో డేటా చూడగలిగేవాళ్ళు తక్కువ, ఫలితంతో జీవితం ముడిపడినవాళ్ళు ఎక్కువ. అక్కడ ఎవరి మాట వినాలన్నదే పెద్ద ప్రశ్న. ఒకప్పుడు నీలిరంగు టిక్కు కొంత సూచన ఇచ్చేది. 2022 నవంబరు నుంచి ట్విట్టర్‌లో అది డబ్బు కట్టినవాళ్ళకు దొరికే వస్తువైంది. శాస్త్రవేత్తలు చాలామంది అక్కడ రాయడం తగ్గించారు, కొందరు ట్విట్టర్ లాంటివే అయిన మాస్టడాన్‌కూ బ్లూస్కైకీ వెళ్ళిపోయారు. అక్కడ వాళ్ళ చర్చలు ప్రశాంతంగానే ఉన్నాయి. వైరల్ వీడియో చూసిన మనిషి మాత్రం అక్కడ లేడు. డిగ్రీ చూసి నమ్మడమూ పూర్తి రక్షణ కాదు. రసాయన శాస్త్రంలో 1954లో నోబెల్ అందుకున్న లైనస్ పాలింగ్, భారీ మోతాదు విటమిన్ సి జలుబును ఆపుతుందని ఏళ్ళ తరబడి ప్రచారం చేశాడు. తర్వాతి పరిశోధనలు ఆ మాటను నిలబెట్టలేదు. అప్పటికి సోషల్ మీడియా లేదు. ఇప్పుడు తన రంగం దాటి మాట్లాడే ప్రతి ప్రొఫెసర్‌కూ మైకు అరచేతిలో ఉంది.

ఒక పోస్టు కింద నడుస్తున్నది సైన్సు చర్చా, పక్షాల కొట్లాటా అని పోల్చుకోవడం మరీ కష్టమేమీ కాదు. పేపర్ లింకు ఎవరైనా ఇచ్చారా, ఇస్తే అందులోని ఫలానా పట్టిక గురించి ఎవరైనా మాట్లాడుతున్నారా అన్నది చూడాలి. 'నాకిది తెలియదు', 'ఇంతవరకే చెప్పగలం' అనే మాటలు ఎక్కడైనా వినిపిస్తున్నాయా అన్నది చూడాలి. ఏం కనిపిస్తే నీ అభిప్రాయం మార్చుకుంటావని అడిగితే జవాబు వస్తుందా, బూతు వస్తుందా అన్నది మరీ ముఖ్యం.

ఈ మొత్తం వ్యవహారంలో అతి పొడవైన కథ ఆర్సెనిక్ బ్యాక్టీరియాది. 2010 డిసెంబరు 2న నాసా మద్దతుతో జరిగిన పరిశోధన ఒకటి సైన్స్ పత్రికలో వచ్చింది. కాలిఫోర్నియాలోని మోనో సరస్సులో దొరికిన బ్యాక్టీరియా, జీవులన్నిటి డీఎన్‌ఏలో ఉండే ఫాస్ఫరస్ బదులు ఆర్సెనిక్‌ను తన డీఎన్‌ఏలోనే వాడుకుంటోందని చెప్పింది. గ్రహాంతర జీవుల అన్వేషణకు సంబంధించిన ప్రకటన చేయబోతున్నామని నాసా ముందే చెప్పడంతో అప్పటికే ఇంటర్నెట్ నిండా ఊహాగానాలు. రెండు రోజులకే కెనడా సూక్ష్మజీవ శాస్త్రవేత్త రోజీ రెడ్‌ఫీల్డ్ తన బ్లాగులో, డీఎన్‌ఏను సరిగా శుభ్రం చేయలేదని, బ్యాక్టీరియా పెంచిన ద్రావణంలో ఫాస్ఫరస్ మలినంగా ఉందని విప్పి చెప్పింది. ఇలాంటి చర్చ జర్నల్స్‌లో జరగాలి గానీ బ్లాగుల్లో కాదని నాసా ప్రతినిధి అన్నాడు. రెడ్‌ఫీల్డ్ ల్యాబులో ప్రయోగం చేసి, వచ్చిన ఫలితాలు వచ్చినట్టే బ్లాగులో పెడుతూ పోయింది. 2012 జూలైలో సైన్స్ పత్రికే ఆ ఫలితాన్ని తోసిపుచ్చే రెండు పేపర్లు అచ్చువేసింది, వాటిలో ఒకటి ఆమె బృందానిది. మొదటి పేపర్ మాత్రం అలాగే ఉండిపోయింది. 2025 జూలైలో పత్రిక దాన్ని ఉపసంహరించింది. మోసం ఏమీ లేదని, ప్రయోగాలు ఆ నిర్ధారణను నిలబెట్టలేవని సంపాదకులు అన్నారు. రచయితలు ఒప్పుకోలేదు. మోసం లేని పేపర్‌ను తప్పని తేలినంత మాత్రాన వెనక్కి తీసుకోవచ్చా, రికార్డులో అలాగే ఉంచి పక్కన ఖండనలు పెడితే చాలదా అన్న వాదన ఇప్పుడు శాస్త్రవేత్తల మధ్య ఆన్‌లైన్‌లోనే నడుస్తోంది. ఈసారి రెండు పక్షాలవాళ్ళ చేతిలోనూ పేపర్ ఉంది, పదిహేనేళ్ళ ప్రయోగాలూ ఉన్నాయి.